రెండు కాపీలూ ఒకే పీట మీద

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా, దానికి జానెడు తీగ, అంతే నా అవతారం. కానీ కడుపు మాత్రం నాలుగు టెరాబైట్లు. ఇప్పుడు ధర్మవరంలో ఒక బల్ల సొరుగులో, మూత ఊడి, లోపలి పళ్లేలు బయటికి కనిపిస్తూ పడి ఉన్నాను. నన్ను చూసి జాలిపడకండి. జాలిపడాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

ఎక్కడో సముద్రాల అవతల, దుమ్ము కూడా అడుగు పెట్టని గదిలో, తల నుంచి కాళ్ల దాకా తెల్ల ముసుగులు వేసుకున్న ఆడవాళ్లు నన్ను బిగించారు. నా లోపల అద్దాల్లా మెరిసే పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద ఒక సన్నటి ముల్లు తగలకుండా తేలుతూ రాస్తుంది, చదువుతుంది. ముల్లుకూ పళ్లేనికీ మధ్య సందు ఎంతంటే, అందులో పొగ కూడా దూరదు. నేను తిరుగుతుండగా ఎవరైనా నన్ను కింద పడేశారో, ముల్లు పళ్లేన్ని గీరేస్తుంది. అక్కడితో నా పని సరి. ఈ ముక్క నా పెట్టె మీద పదిహేను భాషల్లో అచ్చేశారు. చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

మొదట నన్ను కొన్నది హిందూపురం మాబూ. పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు, మంచి మనిషి. ఒక్కటే జబ్బు. కొత్త ముహూర్తాలకు చోటు చాలకపోతే పాత ముహూర్తాలు చెరిపేసేవాడు. ఒకసారి పెళ్లయిన రెండేళ్లకు ఒకమ్మాయి వచ్చింది. నాన్న పోయాడు, పెళ్లి వీడియోలో ఆయన మాట్లాడింది వినాలి, ఇంట్లో ఉన్న సీడీ గీతలు పడిపోయింది అంది. మాబూ తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమె తప్పుపట్టకుండా, మిషన్‌లో ఉంటుందిలే అనుకున్నానన్నా అని వెళ్లిపోయింది. మనుషులకు అదొక నమ్మకం, మిషన్ మరిచిపోదని. మరి చెరిపేది ఎవరమ్మా? మిషనా?

ఆ మాబూ దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే ఆవిడే హేమావతి. ముప్పై ఆరేళ్ల మనిషి, తక్కువ మాట్లాడుతుంది, చేసే పని మాత్రం గీత గీసినట్టు ఉంటుంది. సొంత ఊరు ధర్మవరం వెళ్లిపోతానని ఆమె చెప్పిన రోజు, మాబూ నన్ను శుభ్రంగా తుడిచి, పాతదైనా గట్టిదమ్మా అంటూ ఆమె చేతిలో పెట్టాడు. అట్లా నేను పెళ్లిపందిళ్లు వదిలి పట్టుచీరల ఊరికి వచ్చాను.

ధర్మవరంలో ఆమెను పిలిచింది చిన్నాయన చౌడప్ప. ఆయన నేత నేయడు, నేతకు గీతలు గీస్తాడు. పట్టుచీర అంచు మీద హంస నడవాలంటే ముందు ఆ హంసను గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడి రంగు నింపి గీయాలి. ఒక్క గడి తప్పితే హంసకు ముక్కు వంకర పోతుంది. యాభై ఏళ్ల పాటు చౌడప్ప అట్లా నాలుగు వందల పన్నెండు డిజైన్లు గీశాడు. రుద్రాక్షల అంచులు, చిలకల బారులు, నెమలి కొంగులు. ఊళ్లో సగం మగ్గాల మీద ఆడింది ఆయన చెయ్యే.

ఇప్పుడా చేతికి కళ్లు తోడు రావడం లేదు. ఏదో నరం ఎండిపోయిందట, ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. ఎదుటి మనిషి నీడలా కనిపిస్తాడు, గళ్ల కాగితం తెల్లగా కనిపిస్తుంది, అంతే. పైగా కాగితాలకు చెదలు. అందుకే పిలిచాడు హేమావతిని. మూడేళ్లు కూర్చుని ఆమె ఒక్కో కాగితాన్నీ ముక్కలు ముక్కలుగా స్కాన్ చేసి, అతికించి, గడి గడీ సరిచూసి కంప్యూటర్లోకి ఎక్కించింది. అన్నీ ఎక్కాక, చెదలు గోడలకు పాకుతాయని కాగితాలను పెరట్లో కాల్చేశారు. కాల్చేటప్పుడు చౌడప్ప లోపలే కూర్చున్నాడు. వాసన వస్తాందా చిన్నాయనా అని హేమావతి అడిగితే, రాలేదు పాపా అన్నాడు. అబద్ధం. నాక్కూడా వచ్చింది ఆ వాసన.

అప్పటినుంచి ఆ డిజైన్లు రెండు చోట్ల మాత్రమే ఉన్నాయి. ఒకటి కంప్యూటర్ డబ్బాలో ఉండే పెద్ద డిస్కు. దాన్ని నేను అన్న అనుకునేదాన్ని. రెండోది నేను. హేమావతి పద్ధతి చూస్తే నాకే ముచ్చటేసేది. నన్ను తన ఇంట్లో బీరువాలో చీరల మధ్య దాచేది. శనివారం శనివారం సంచిలో పెట్టుకుని కంప్యూటర్ ఉండే డిజైన్ సెంటర్‌కు తెచ్చి, ఆ వారం మార్పులన్నీ నాలోకి దించి, ఊరికే దించి వదిలేయకుండా నాలోంచి నాలుగైదు డిజైన్లు తెరిచి చూసేది. తర్వాత ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి టిక్కు పెట్టి, మళ్లీ ఇంటికి తీసుకుపోయేది. చౌడప్ప నవ్వేవాడు, చంటిబిడ్డను ఆస్పత్రికి తిప్పినట్టు తిప్పుతాండావు కదా దాన్ని అని. ఆమె కూడా నవ్వేది కానీ ఒక్క శనివారం తప్పలేదు. ఇల్లు ఒక వీధి, సెంటర్ ఒక వీధి. ఇక్కడ ఏదైనా అయితే అక్కడ ఉంటుంది. అంతకంటే కావలసిందేముంది?

ఆ సంవత్సరం దసరాకు ఆయుధపూజ రోజున ఇద్దరూ కలిసి ఆ పద్ధతికి భంగం తెచ్చారు. ఇద్దరి మనసులోనూ చెడు లేదు, ఉన్నదల్లా భక్తే.

నేతగాళ్ల ఇళ్లల్లో ఆయుధపూజ చూశారో లేదో. నాడె, కత్తెర, అచ్చు, దారపు చుట్టలు, అన్నిటికీ పసుపు కుంకుమ పెడతారు. హారతి అయ్యాక ప్రతి మగ్గం మీదా నాలుగు పోగులు నేసి తీరాలి. పని చేయించకుండా లేపితే ఆ పూజ చెల్లదని వాళ్ల నమ్మకం. చౌడప్ప పొద్దున్నే స్నానం చేసి వచ్చి, మన ఆయుధాలు ఏవని అడిగాడు. కంప్యూటర్ డబ్బా కడిగిన బల్ల మీద వేసిన పీట మీదికి ఎక్కింది. నేను ఇంట్లో బీరువాలో ఉన్నాను. నన్నూ తెమ్మన్నాడు. హేమావతి కొంచెం వెనకాడింది, మొన్న శనివారమే కదా తెచ్చింది అని. అందుకాయన కోప్పడలేదు, మెత్తగానే చెప్పాడు.

"అమ్మ ముందర పెట్టని దాన్ని అమ్మ యాడ చూసుకుంటాది పాపా? పోయి తీసుకురా."

ఆమె తెచ్చింది. నన్ను కూడా ఆ డబ్బా పక్కనే, అదే పీట మీద పెట్టి బొట్టు పెట్టింది. గదిలో పెద్ద దిక్కు కంప్యూటరే కాబట్టి కలశం దాని నెత్తినే ఉండాలని చౌడప్ప పట్టుబట్టాడు. రాగి చెంబు నిండా నీళ్లు, మామిడాకులు, పైన కొబ్బరికాయ. ఆ డబ్బా నెత్తిన గాలి ఆడటానికి జాలీ ఉంటుందని, ఆ జాలీ కింద ఏముందో ఆయనకు తెలియదు. తెలిసిన హేమావతి పండగపూట పెద్దాయన మాట కాదనలేక ఊరుకుంది. హారతి అయింది. ఇక నాలుగు పోగులు నేయాలి. డిస్కులు ఏం నేస్తాయి? ఒక డిజైన్ మా అన్న దగ్గర్నుంచి నాలోకి దించితే అదే నేతని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆమె కంప్యూటర్ వేసి, నా తీగ తగిలించింది. నా పళ్లేలు తిరగడం మొదలుపెట్టాయి.

చౌడప్ప అక్షింతలు వేయడానికి చెయ్యి చాచాడు. కనిపించక కాస్త ఎత్తుగా చాచాడు. మోచేయి కలశానికి తగిలింది.

నీళ్లన్నీ జాలీలోంచి దిగిపోయాయి. టప్పుమంది, తెర నల్లబడింది, కాలిన వాసన కొట్టింది. హేమావతి ఆ కంగారులో డబ్బాను తన వైపు లాగింది. నా తీగ దానికే ఉంది కదా, దాంతోపాటు నేనూ జారి, తిరుగుతూ తిరుగుతూనే కడప బండ మీద పడ్డాను. కర్రుమన్న చప్పుడు నాలోంచి వచ్చింది. ఆ చప్పుడు నాకు తెలుసు. పెట్టె మీద అచ్చేశారని చెప్పానే, అదే.

ఏమైందమ్మా, ఏమైంది అని చౌడప్ప అడుగుతూనే ఉన్నాడు. ఆయన తడుముకుంటూ వచ్చి తడి పీట మీద చెయ్యి వేశాడు. అప్పుడు అర్థమయింది.

మూడు రోజులు ఆయన అన్నం ముట్టలేదు. అరుగు మీద కూర్చుని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాడు, కళ్లు పోయినా చేతి గీతలుండాయిలే అనుకుంటి, ఇప్పుడు అవీ నా చేత్తో నేనే తుడిచేస్తి అని. హేమావతి లోపల గదిలో గోడకు ఆనుకుని, డబ్బాను లాగింది నేనే కదా అని ఏడ్చింది. ఇద్దరూ తప్పు తమదేనంటారు. రెంటినీ ఒక్క పీట మీదికి చేర్చిన ఆలోచనను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

నాలుగో రోజు ఆమె మా ఇద్దరినీ తువ్వాలులో చుట్టుకుని బెంగళూరు బస్సెక్కింది. అక్కడ పోయిన డిస్కులు బాగుచేసే ఆయన పేరు అశ్వత్థ, కదిరి మనిషి. గాజు పెట్టెలో చేతులు పెట్టి నా మూత విప్పి, ఆమెను పిలిచి చూపించాడు. నా పళ్లెం మీద గుండ్రంగా, బంగారు గాజు ఒత్తినట్టు, లోతుగా గీత పడి ఉంది. దీంట్లో ఏమీ రాదక్కా అన్నాడు. మా అన్న పరిస్థితి నాకంటే నయం. పైన ఉండే బోర్డు కాలింది, లోపల కొంత మేర చెడింది. వచ్చినంత తీద్దామన్నాడు. రెండూ ఒకేసారి ఎట్లా పోయాయని అడిగితే ఆమె ఆయుధపూజ సంగతి చెప్పింది. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆయన గాజు పెట్టె మీదా కుంకుమ బొట్టు ఉంది.

పదహారు రోజులకు అన్నలోంచి మూడు వందల డెబ్భై ఒకటి బయటికి వచ్చాయి. హేమావతి ఊరికి వచ్చి మగ్గం ఉన్న ప్రతి ఇల్లూ తిరిగింది. కరెంటు జకార్డు మగ్గాలు నడిపేవాళ్లు తమకు కావలసిన డిజైన్లు పెన్‌డ్రైవుల్లో దాచుకుని ఉంటారు. అట్లా ఇంకో ఇరవై ఆరు దొరికాయి. ఒకావిడ పెన్‌డ్రైవును ఉప్పు డబ్బాలో దాచుకుంది, అదీ పని చేసింది. ఎంత తిరిగినా ఇంకా పదిహేను మిగిలాయి. అవి చౌడప్ప వయసులో ఉన్నప్పుడు, చేతి మగ్గాల కాలంలో గీసినవి. ఇప్పుడెవరూ నేయడం లేదు. ఆ చీరలు ఏ ఊళ్లో ఏ పెట్టెల్లో ఉన్నాయో, ఉన్నాయో లేవో కూడా తెలియదు.

ఆ సాయంత్రం ఆమె అరుగు దగ్గరికి వచ్చేసరికి చౌడప్ప లేచి నిలబడ్డాడు. వారంగా మళ్లీ మజ్జిగ తప్ప తాగని మనిషి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎన్ని వచ్చినాయి పాపా అని అడిగాడు. ఆమె ఆ మొహం చూసింది.

"అన్నీ వచ్చినాయి చిన్నాయనా."

ఆయన అక్కడే కూలబడి చేతులు జోడించాడు. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాడు. నేనామెను తప్పుపట్టను. మీరైనా అదే మాట అనేవాళ్లు.

తర్వాత ఆమె గట్టిగానే జాగ్రత్తపడింది. కొత్త డిస్కులు మూడు తెచ్చింది. ఒకటి సెంటర్లో, ఒకటి తన ఇంట్లో, మూడోది పెనుకొండలో వాళ్లక్క దగ్గర. మూడూ ఎప్పుడూ ఒక కప్పు కిందికి రాకూడదు, రెండు కాపీలు ఒకే మిషన్‌కు తగిలించి ఉండగా ఎవరూ దగ్గరికి కూడా రాకూడదు అని కట్టుబాటు పెట్టింది. కొత్తగా డిజైన్ పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు మొదటి రోజు నన్ను సొరుగులోంచి తీసి ఆ గీత చూపిస్తుంది. నేను చెయ్యి దాటిపోయాక కూడా ఇన్ని సంగతులు ఎట్లా తెలుసంటారా, ఆ సొరుగు సరిగ్గా మూసుకోదు, గదిలో మాటలన్నీ వినబడతాయి.

ఎనిమిది నెలలు గడిచాయి. జ్యేష్ఠమాసంలో ఒక మధ్యాహ్నం చౌడప్ప చేతికర్ర ఊపుకుంటూ హుషారుగా వచ్చాడు. ఎవరో చేతి మగ్గం మీద పాత రకం నేయిస్తామన్నారట, తన గోరింకల అంచు కావాలట, తీసియ్యమన్నాడు. గోరింకల అంచు ఆ పదిహేనింట్లో ఒకటి. హేమావతి వెతుకుతానంది. రేపంది. మర్నాడు మిషన్ మొరాయిస్తోందంది. ఆమెకు మాట దాటవేయడం సరిగ్గా రాదు. మూడో రోజు ఆయన వచ్చి కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఎన్ని పోయినాయి? నిజం చెప్పు పాపా, ఏమీ అనను."

"పదైదు."

"ఏవేవి?"

ఆమె ఒక్కొక్క పేరూ చెప్పింది. ఒక్కొక్క పేరుకూ ఆయన తల ఊపాడు. తిడతాడనుకుని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన అన్నదొక్కటే.

"గళ్ల కాగితం ఉండాదా? తీసుకో. నేను చెప్తా, నువ్వు నింపు."

అదండీ సంగతి. మూడో కాపీ ఒకటి మొదటినుంచీ ఉంది. ఆయన తలలో. దాన్ని దించుకోవాలని ఒక్కరికీ తోచలేదు. రోజూ భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చునేవాళ్లు. ఆయన కళ్లు మూసుకుని, తొడ మీద వేళ్లతో లెక్క వేసుకుంటూ, మూడు నింపు, రెండు వదులు, ఒకటి నింపు, ఏడు వదులు అని వరస తర్వాత వరస చెప్పేవాడు. ఆమె నింపేది. ఒక్కోసారి ఆగి, ఉండుండు, ఆడ తప్పు చెప్పినా, మూడు కాదు నాలుగు అని వెనక్కి వెళ్లేవాడు. ఆమె నింపినదాన్ని చదివి వినిపిస్తే, నవ్వుకుంటూ వినేవాడు. ఎవరిదో పాత ఉత్తరం వింటున్నట్టు ఉండేది ఆ మొహం. నాకు ముచ్చటగానూ ఉండేది, కడుపు మండిపోయేది కూడా. ఒక్కో డిజైన్‌కు రెండు వారాలు పట్టేది. ఆ ఎనిమిది నెలలు ఈ పని జరిగి ఉంటే ఈపాటికి పదిహేనూ పూర్తయ్యేవి కదా! హేమావతికీ ఆ లెక్క తెలుసు.

జ్యేష్ఠం పోయి, శ్రావణం పోయి, వినాయకచవితి వెళ్లేసరికి ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోది గోరింకల అంచు. అడిగినవాళ్లు ఎప్పుడో వేరే డిజైన్ తీసుకున్నారు, అయినా దాన్ని ఎందుకో ఆయన వెనక్కి వెనక్కి జరిపి అప్పుడు మొదలుపెట్టాడు. రెండు గోరింకలు జతగా అంచంతా నడుస్తాయి. తొమ్మిది రోజులకు మొదటి గోరింక తయారైంది. అది బాగా వచ్చింది. హేమావతి రెండోది కూడా ఇట్లనే తిప్పి నింపేస్తే చాలు కదా అంది. కాదన్నాడు.

"రెండోది దీని మాదిరి ఉండదు పాపా. అది మెడ తిప్పి దీని వైపు చూస్తాంటాది. ఆ మెడ శానా కష్టం. రేపు చెప్తా."

మర్నాడు తెల్లవారకముందే ఆయనకు గుండె నొప్పి వచ్చింది. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

పదిహేను రోజుల తర్వాత హేమావతి సెంటర్ తలుపు తీసింది. పని నేర్చుకుంటున్న ఆడపిల్లల్లో ఒకమ్మాయి ఆ సగం గీసిన కాగితం చూసి, మెడ తిప్పిన పక్షి బొమ్మలు బోలెడున్నాయక్కా, ఏదో ఒకటి చూసి నింపేద్దామా అని మంచికే అడిగింది. హేమావతి వద్దంది. ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు స్కాన్ చేసి, మిగతా డిజైన్ల పక్కన దానికీ ఒక నంబరిచ్చింది.

శనివారం వస్తుంది. ఆమె సెంటర్లో ఒకటి, ఇంట్లో ఒకటి, నెలకొకసారి పెనుకొండకు వెళ్లి మూడోది, అన్నింట్లోకీ దించుతుంది. దించినవాటిలోంచి నాలుగైదు తెరిచి చూస్తుంది. మిగతావి వారానికొకటి మారుతాయి గానీ, ఇది మాత్రం ప్రతిసారీ తెరుస్తుంది. తెర మీద ఒక గోరింక నిలబడి ఉంటుంది. దాని పక్కన గళ్లన్నీ తెల్లగా ఉంటాయి. ఆమె ఆ తెల్లగళ్లను కూడా చివరిదాకా జరిపి చూసి, సరిగ్గా ఉందని పుస్తకంలో టిక్కు పెడుతుంది.